కాజీపల్లి లెక్కల్లో ఇంగ్లీషు నామవాచకం

కాజీపల్లి పారిశ్రామికవాడలో మందుల ఫ్యాక్టరీల గేట్ల లోపల, తుక్కు దుకాణాల ముందు విరివిగా కనపడేది 200 లీటర్ల డ్రమ్ము. తెలుగులో దాన్ని ‘లీటర్ల’ అని బహువచనంలోనే అంటాం. 200 ఉన్నాక లీటర్లు కాక మరేమవుతాయి? ఇంగ్లీషులో మాత్రం సరైన రూపం ‘టూ హండ్రెడ్ లీటర్ డ్రమ్’. లీటర్ చివర ఎస్ రాదు. అదే, డ్రమ్ములో 200 లీటర్లు ఉన్నాయని చెప్పాలంటే ‘టూ హండ్రెడ్ లీటర్స్’ అనాల్సిందే, అక్కడ ఎస్ తప్పదు. అంకె అదే, డ్రమ్మూ అదే. మాట నిలబడ్డ చోటు మారింది, అంతే.

ఒక నామవాచకం ఇంకో నామవాచకం ముందు నిలబడి దాన్ని వర్ణిస్తే, ఆ కాసేపు అది విశేషణం పని చేస్తుంది. ఇంగ్లీషు విశేషణాలకు బహువచనం లేదు. అందుకే లీటర్ తన ఎస్‌ను వదులుకుంది. స్టోర్స్ రిజిస్టర్లో ‘లీటర్స్ డ్రమ్’ అని రాసే కుర్రవాడికి ఇంగ్లీషు మాటలు రాక కాదు, ఈ ఒక్క సంగతి ఎవరూ చెప్పక.

మాటలకు కొదవేముంది? జిన్నారం మండలంలోని కాజీపల్లి, పక్కన గడ్డపోతారం, బొల్లారం, అవతల పటాన్‌చెరు. ఈ ఊళ్లలో షిఫ్టుకు పోయే మనిషి నోట రోజూ దొర్లే నామవాచకాలు చూడండి: గేటు, షిఫ్టు, రియాక్టర్, బాయిలర్, వాల్వు, పైపు, పంపు, హెల్మెట్టు, క్యాంటీను, ఓటీ, బోనసు. క్రియలు ఇంత సులువుగా రావు. ‘లోడ్ చేసినం’, ‘క్లీన్ చెయ్యి’, ‘ఆన్ చేసి పెట్టు’ అంటాం. పక్కన ‘చేయు’, ‘అవు’ లాంటి తోడు లేకుండా ఇంగ్లీషు క్రియ తెలుగు వాక్యంలో అడుగుపెట్టదు. నామవాచకానికి చివర ఒక ఉకారం చాలు, ఒక్కోసారి అదీ అక్కర్లేదు.

అసలు ఇంగ్లీషు నిఘంటువులోనే నామవాచకాలది మెజారిటీ. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. వాడుకలో ఉన్న మాటలు 1,71,476, వాడుక తప్పినవి 47,156. అందులో సగానికి పైగా నామవాచకాలు. విశేషణాలు పావు వంతు, క్రియలు ఏడింట ఒక వంతు. ఆ సగంలో మన కార్మికుడి చేతికి వచ్చినవి తక్కువేమీ కాదు. వాటిని ఇంగ్లీషు వాక్యంలో పెట్టినప్పుడు అవి ఎలా నడుచుకుంటాయన్నదే చిక్కు.

వెయ్యేళ్ల కిందట అయితే ఆ నడవడిక మనకు అలవాటైనదే. పాత ఇంగ్లీషులో రాయిని ‘స్టాన్’ అనేవారు. నాలుగు విభక్తులు, రెండు వచనాలు, వెరసి 8 గళ్లు. ఆ గళ్లలో 6 వేర్వేరు రూపాలు: స్టాన్, స్టానెస్, స్టానె, స్టానస్, స్టాన, స్టానుమ్. లింగాలు మూడు. రాయి పుంలింగం. ఆడమనిషిని చెప్పే ‘వీఫ్’ అనే మాట నపుంసకలింగం! మనకు నవ్వే హక్కు లేదనుకోండి, ‘బస్సు వచ్చింది, అక్క వచ్చింది’ అని ఒకే క్రియతో సరిపెట్టేవాళ్లం. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచే నాటికే ఈ ప్రత్యయాలు అరగడం మొదలైంది. తర్వాతి రెండు మూడు వందల ఏళ్లలో దాదాపు అన్నీ రాలిపోయాయి, లింగాలూ పోయాయి. ఇవాళ రాతలో మిగిలినవి 4 రూపాలు: స్టోన్, స్టోన్స్, ఎస్‌కు ముందు అపాస్ట్రఫీ ఉన్నది ఒకటి, ఎస్ తర్వాత ఉన్నది ఒకటి. చెవికి వినపడేవి రెండే.

మన రాయి సంగతి చూడండి. రాయిని, రాయితో, రాయికి, రాయిలో, రాతి గోడ. రాళ్లు, రాళ్లను, రాళ్లతో, రాళ్లకు, రాళ్ల కుప్ప. బడిలో చెప్పే విభక్తులు 8. తెలుగు నామవాచకం తన పని ఏమిటో తన చివరే రాసుకుని తిరుగుతుంది. అందుకే వాక్యంలో దాన్ని ఎక్కడ పెట్టినా నష్టం లేదు. ‘కుక్క కోతిని తరిమింది’ అన్నా, ‘కోతిని కుక్క తరిమింది’ అన్నా పరుగెత్తింది కోతే. ఇంగ్లీషులో ‘డాగ్’నూ ‘మంకీ’నీ అటూ ఇటూ మార్చారంటే పరుగెత్తే జంతువు మారిపోతుంది. చివర రాలిపోయిన పనిని ఆ భాష మూడు చోట్లకు పంచింది: వాక్యంలో వరుస, ముందు నిలబడే చిన్న మాటలు, ఎస్ అనే ఒక్క అక్షరం. నామవాచకం గురించి నేర్చుకోవాల్సింది చాలావరకు ఈ మూడే.

వరుసతో మొదలుపెడదాం, పారిశ్రామికవాడలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే. ‘మెటీరియల్ సేఫ్టీ డేటా షీట్’ (ఎంఎస్‌డీఎస్) అనే కాగితం రసాయనాలు వాడే ఫ్యాక్టరీల్లో ఉంటుంది. ఇప్పటి అంతర్జాతీయ నమూనాలో దానికి 16 విభాగాలు. పేరులో 4 మాటలు, నాలుగూ నామవాచకాలే. మధ్యలో ‘యొక్క’ లేదు, ‘కోసం’ లేదు, ‘గురించి’ లేదు. ఇలాంటి పేరును కుడి నుంచి ఎడమకు చదవాలి. ఇది షీట్. ఏం షీట్? డేటా ఉన్న షీట్. ఏ డేటా? సేఫ్టీ గురించి. దేని సేఫ్టీ? మెటీరియల్‌ది. ‘తెలంగాణ పొల్యూషన్ కంట్రోల్ బోర్డ్’ కూడా అంతే, నాలుగు నామవాచకాలు, అసలు మాట చివరి ‘బోర్డ్’. ముందున్న మూడూ దానికి సేవ చేస్తాయి.

ఇందులో మనకొక సౌకర్యం ఉంది. తెలుగులోనూ అసలు మాట చివరే వస్తుంది. ‘ఊరి చెరువు కట్ట’ అంటే కట్టే. కాకపోతే మనం ముందు మాటను కాస్త వంచుతాం: ఇల్లు ఇంటి అవుతుంది, నీరు నీటి అవుతుంది, ఇనుము ఇనుప అవుతుంది. ఇంగ్లీషు వంచదు, ఉన్నదాన్ని ఉన్నట్టు పేరుస్తుంది. పేర్చిన రెండు మాటల మధ్య సంబంధమేమిటో చెప్పే బాధ్యత కూడా తీసుకోదు. ‘గ్యాస్ సిలిండర్’ గ్యాసు ఉన్న సిలిండర్. ‘గ్యాస్ స్టవ్’ గ్యాసుతో మండే పొయ్యి. ‘గ్యాస్ మాస్క్’ గ్యాసు నుంచి కాపాడే మాస్కు. పక్కపక్కన పెట్టే పద్ధతి ఒకటే, సంబంధాలు మూడు. వాటిలో ఒకటి మిగతా రెంటికి పూర్తిగా వ్యతిరేకం. ప్లాంటులో కొత్తగా చేరినవాడికి ఇది వ్యాకరణం మాత్రమే కాదు, ప్రాణం సంగతి కూడా. భద్రతా శిక్షణలో ఇలాంటి జంట మాటలను విడదీసి తెలుగులోనో హిందీలోనో చెప్పడానికి పది నిమిషాలు కేటాయిస్తే తప్పేం లేదు.

ముందు మాట ఎస్ వదులుకోవాలన్న నియమానికి మినహాయింపులు లేకపోలేదు. ఫ్యాక్టరీలు ఎన్ని ఉన్నా ‘ఫ్యాక్టరీ మేనేజర్’ అంటారు. 2025 దాకా ఆయన పాటించాల్సి వచ్చిన చట్టం పేరు మాత్రం ‘ఫ్యాక్టరీస్ యాక్ట్, 1948’. ‘సేల్స్ మేనేజర్’, ‘గూడ్స్ ట్రైన్’, ‘సేవింగ్స్ అకౌంట్’ వంటివి కూడా ఎస్‌ను పట్టుకునే ఉంటాయి. గూడ్స్‌లోంచి ఎస్ తీసేస్తే సరుకు పోయి మంచితనం మిగులుతుంది.

అంకెల దగ్గర తెలుగువాళ్లం ఇంకో చోట తడబడతాం. 2020 సెప్టెంబరులో సినీ నటుడు ప్రభాస్ కాజీపల్లి రిజర్వు ఫారెస్టులో 1,650 ఎకరాలను దత్తత తీసుకుని 2 కోట్ల రూపాయలు ఇచ్చారు. తెలుగులో ‘రెండు కోట్ల రూపాయలు’, కోటి బహువచనమైంది. ఇంగ్లీషులో ‘టూ క్రోర్ రుపీస్’, క్రోర్‌కు ఎస్ రాదు. హండ్రెడ్, థౌజండ్, లాఖ్, మిలియన్ అన్నీ ఇంతే. ముందు కచ్చితమైన అంకె ఉంటే ఏకవచనంలోనే ఉంటాయి. అంకె లేకుండా ‘వందల కొద్దీ డ్రమ్ములు’ అనాల్సి వస్తే అప్పుడు ‘హండ్రెడ్స్ ఆఫ్ డ్రమ్స్’. అడవి విస్తీర్ణమూ రెండు రకాలుగా రాయొచ్చు: ఎకరాలను లెక్కపెడితే ‘ఎకర్స్’, ఆ అంకెతో అడవిని వర్ణిస్తే ‘1,650 ఎకర్ ఫారెస్ట్’. దగ్గర్లోని ఔటర్ రింగ్ రోడ్డు పొడవు 158 ‘కిలోమీటర్స్’, అది ‘158 కిలోమీటర్ రోడ్’.

పైపుల దగ్గర ఇది తమాషాగా మారుతుంది. ‘ఫుట్’ బహువచనం ‘ఫీట్’. లోపలి అచ్చు మార్చుకుని బహువచనమయ్యే ఇలాంటి పాత మాటలు ఇంగ్లీషులో ఏడే మిగిలాయి: మ్యాన్, ఉమన్, ఫుట్, టూత్, గూస్, మౌస్, లౌస్. మనం ఆ ఫీట్‌ను తెచ్చుకుని, దాని మీద ఇంకో ‘లు’ వేసి ‘పది ఫీట్ల పైపు’ అన్నాం. ఇంగ్లీషువాడు అదే పైపును ‘టెన్ ఫుట్ పైప్’ అంటాడు, ఉన్న బహువచనాన్ని కూడా తీసేసి. ‘గ్లౌజులు’ కూడా మన సృష్టే. ‘గ్లవ్’ ఒకటి, ‘గ్లవ్స్’ రెండు, ‘గ్లౌజులు’ అన్నాక బహువచనం మీద బహువచనం. తెలుగు మాట్లాడేటప్పుడు ఇది తప్పు కాదు. తెచ్చుకున్న మాటకు తన ప్రత్యయం వేసుకునే హక్కు ప్రతి భాషకూ ఉంది. ఇంగ్లీషు రాసేటప్పుడు మాత్రం వెనక్కి తీసుకోవాలి.

ఆ ఎస్ కూడా ఒకే రకంగా పలకదు. ట్యాంక్స్, పైప్స్‌లో ‘స్’, డ్రమ్స్, వాల్వ్స్‌లో ‘జ్’, ఫ్లాంజెస్, బసెస్‌లో ‘ఇజ్’. 1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు చిన్నపిల్లలకు పిట్టలాంటి ఒక బొమ్మ చూపి, దానికి ‘వగ్’ అని లేని పేరు పెట్టి, అవి రెండుంటే ఏమంటారని అడిగారు. పిల్లలు ‘వగ్జ్’ అన్నారు. ఎన్నడూ వినని మాటకు సరైన శబ్దం ఎంచుకున్నారంటే నియమం చెవిలో పడిందన్నమాట. చెట్టు చెట్లు కావడం, ఇల్లు ఇండ్లు కావడం మన పిల్లలకు ఎవరు నేర్పారు?

ఇక లెక్కపెట్టగలిగేవి, లెక్కకు అందనివి. ‘నీళ్లొచ్చినయి’, ‘పాలు విరిగినయి’, ‘బియ్యం అయిపోయినయి’ అని మనం బహువచన క్రియ వాడతాం. ‘నూనె అయిపోయింది’, ‘ఉప్పు అయిపోయింది’ అని ఏకవచనమూ వాడతాం. ఇంగ్లీషుకు ఈ ఐదూ లెక్కకు అందని ఏకవచనాలే. ‘వాటర్ హ్యావ్ కమ్’ అని రాసేవాడి తల లోపల నీళ్లు బహువచనంగా ఉన్నాయి. కారణం తెలిస్తే తప్పు దిద్దుకోవడం తేలిక. ఇంగ్లీషు కూడా అన్ని చోట్లా తర్కంతో నడుస్తుందనుకోకండి. గోధుమలు వాళ్లకు ‘వీట్’ అని ఏకవచనం, ‘ఓట్స్’ మాత్రం బహువచనం. రెండూ గింజలే.

ఫ్యాక్టరీ భాషలో ఎక్కువగా దెబ్బతినేవి ఈక్విప్‌మెంట్, మెషినరీ, ఫర్నిచర్, లగేజ్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్. ఒక్కటంటే ఒక్కదానికీ ఎస్ రాదు. ‘ఈక్విప్‌మెంట్స్’ అని రాసిన సైన్‌బోర్డులు మన దేశమంతటా ఉన్నాయి, అయినా ప్రామాణిక ఇంగ్లీషు ఇంకా ఒప్పుకోలేదు. మెషినరీ లెక్కకు అందదు, ‘మెషీన్’ అందుతుంది. ‘కెమికల్’ను లెక్కపెట్టొచ్చు, ‘స్టీమ్’ను లెక్కపెట్టలేం.

‘వేస్ట్’ అనే మాట ఈ ప్రాంతానికి ఎంత దగ్గరిదో చెప్పనక్కర్లేదు. దాని లెక్క చూడండి. 2016లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ వ్యర్థాల మీద వరసగా నిబంధనలు తెచ్చింది. ఒకదాని పేరు ‘ప్లాస్టిక్ వేస్ట్ మేనేజ్‌మెంట్ రూల్స్’, ఇంకొకటి ‘సాలిడ్ వేస్ట్ మేనేజ్‌మెంట్ రూల్స్’. వీటిలో వేస్ట్ ఏకవచనం. మూడోది ప్రమాదకర వ్యర్థాల గురించి, దాని పేరు ‘హజార్డస్ అండ్ అదర్ వేస్ట్స్’ అని మొదలవుతుంది. ఇక్కడ ఎస్ ఉంది. ఒకే సంవత్సరం, ఒకే శాఖ, రెండు పద్ధతులు, రెండూ సరైనవే. మొదటి రెండు పేర్లలో వేస్ట్ ఇంకో నామవాచకం ముందు నిలబడింది కాబట్టి, లీటర్ డ్రమ్ నియమం ప్రకారం ఎస్ లేకుండా ఉంది. మూడో పేరులో దానిది సొంత స్థానం, పైగా చెబుతున్నది వ్యర్థాల రకాల గురించి. లెక్కకు అందని పదార్థమైనా, రకాలను లెక్కపెట్టేటప్పుడు ఎస్ తెచ్చుకుంటుంది. ఆసిడ్స్, ఆయిల్స్, సాల్ట్స్ అన్నీ ఈ కోవలోవే.

అపాస్ట్రఫీకి వస్తే, మంచి పాఠం కార్మికుడి జేబులోనే ఉంది. ఈఎస్ఐ కింద జీతంలో కోసే వాటా 2019 జులై నుంచి 0.75 శాతం, యజమాని వేసేది 3.25 శాతం. ఈ పథకాన్ని తెచ్చిన 1948 నాటి చట్టం పేరు ‘ఎంప్లాయీస్ స్టేట్ ఇన్సూరెన్స్ యాక్ట్’. అందులో అపాస్ట్రఫీ ఎస్ తర్వాత ఉంటుంది. అంటే ఉద్యోగులు అనేకులు, బీమా వాళ్లందరిదీ. 1952 నాటి పీఎఫ్ చట్టంలోనూ అంతే, ఎస్ తర్వాతే. ఇప్పుడు ప్రమాద పరిహారం చట్టం చూడండి. 1923లో దాని పేరు ‘వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ యాక్ట్’. ‘మెన్’ అప్పటికే బహువచనం, దానికి ఎస్ లేదు. కాబట్టి అపాస్ట్రఫీ ముందు, ఎస్ తర్వాత. 2009లో సవరించి, 2010 జనవరి 18 నుంచి ‘వర్క్‌మన్’ స్థానంలో ‘ఎంప్లాయీ’ అని మార్చారు. మగవాళ్లే పనిచేస్తారన్నట్టు ధ్వనించే మాట పోవడం మంచిదే. కానీ కొత్త పేరులో అపాస్ట్రఫీ ఎస్‌కు ముందు పడింది. అంటే ఒక్క ఉద్యోగి. నిధి అందరిదీ, దెబ్బ తగిలేది ఒక మనిషికి. అలా అనుకుంటే ఈ తేడా గుర్తుంటుంది.

నోటితో చదివితే మామూలు బహువచనం, ఒక్కడిది అనే రూపం, అందరిదీ అనే రూపం మూడూ ‘ఎంప్లాయీజ్’ అనే ఒకే శబ్దం. కాగితం మీద చుక్కంత గుర్తే వాటిని విడదీస్తుంది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతిలో పైన చెప్పిన ఈఎస్ఐ, పీఎఫ్, పరిహారం చట్టాలు సహా మొత్తం 9 చట్టాలను కలిపారు. దాని ఇంగ్లీషు పేరులో అపాస్ట్రఫీ అసలే లేదు. ముసాయిదా రాసినవాళ్లు హాయిగా ఊపిరి పీల్చుకుని ఉంటారు.

మిగిలింది ముందు నిలబడే చిన్న మాటలు. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం 1961లో అచ్చయిన 500 రచనల నుంచి పది లక్షలకు కొంచెం పైగా మాటలు పోగుచేసి లెక్కపెట్టింది. అందులో ‘ద’ ఒక్కటే 69,971 సార్లు వచ్చింది, అంటే ప్రతి 14, 15 మాటలకు ఒకసారి. దాని తర్వాతి స్థానంలో ఉన్న ‘ఆఫ్’ అందులో సుమారు సగం. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువ వాడే మాటకు తెలుగులో సరిజోడు లేదు. మన ‘ఒక’, ‘ఆ’ కొంత దూరం వస్తాయి, పూర్తిగా రావు.

ఫోనులో ‘ఎ డ్రమ్ ఈజ్ లీకింగ్’ అంటే వినేవాడికి ఇది కొత్త కబురు, ఏ డ్రమ్ము అని అడగాలి. ‘ద డ్రమ్ ఈజ్ లీకింగ్’ అంటే మనిద్దరికీ తెలిసిన ఆ డ్రమ్మే, అడగకుండా పరుగెత్తాలి. తెలుగులో ‘డ్రమ్ము లీకయితుంది’ అంటే సందర్భాన్ని బట్టి ఏదైనా కావచ్చు.

‘ఎ’నా ‘ఎన్’నా అన్నది తేల్చుకోవడానికి తెలుగువాళ్లకు ఇంగ్లీషు పిల్లలకన్నా మంచి సాధనం ఉంది, మన లిపి. నామవాచకాన్ని తెలుగులో రాసి చూడండి. అచ్చుతో మొదలైతే ‘ఎన్’: ఆసిడ్, అవర్, ఎంఎస్‌డీఎస్. హల్లుతో మొదలైతే ‘ఎ’: డ్రమ్, యూనిట్, వన్ వే రోడ్. ఇంగ్లీషు స్పెల్లింగులో యూనిట్ అచ్చుతో, అవర్ హల్లుతో మొదలై మోసం చేస్తాయి. తెలుగు లిపి పలికిందే రాస్తుంది కాబట్టి మోసం చేయదు.

ఊరి పేర్లకు ‘ద’ రాదు, కాజీపల్లికైనా లండన్‌కైనా. నదికి వస్తుంది: ద మంజీర. చెరువు పేరుకు రాదు: కాజీపల్లి లేక్. రింగు రోడ్డుకు వస్తుంది: ద ఔటర్ రింగ్ రోడ్. తర్కం వెతక్కండి, అలవాటు చేసుకోండి.

మన బళ్లలో నామవాచకం పాఠం ఇప్పటికీ ‘నామవాచకాలు ఐదు రకాలు’ అంటూ మొదలవుతుంది. ప్రాపర్, కామన్, కలెక్టివ్, మెటీరియల్, యాబ్‌స్ట్రాక్ట్. పిల్లలు బట్టీపట్టి, ఉదాహరణలు రాసి, మార్కులు తెచ్చుకుంటారు. ఈ ఐదింటిలో ఏ ఒక్కటీ ‘లీటర్స్ డ్రమ్’ తప్పును ఆపలేదు. నా లెక్కలో అవసరమైనవి నాలుగు ప్రశ్నలే: ఇది లెక్కకు అందుతుందా? ఒకటా, ఎక్కువా? వినేవాడికి ముందే తెలిసినదా? ఇంకో నామవాచకం ముందు నిలబడి ఉందా? రకాల పట్టిక తర్వాతెప్పుడైనా చెప్పుకోవచ్చు.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 విద్యా సంవత్సరం నుంచి 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు పిల్లల చేతికొచ్చాయి. ఈ పారిశ్రామికవాడలో పనిచేసేవాళ్ల పిల్లలు చదివేదీ అవే. టీచర్లకు ఒక్క మనవి: నామవాచకం పాఠానికి ఉదాహరణలు లండన్ నుంచి తేవద్దు. ఫ్యాక్టరీ బోర్డులు, డ్రమ్ము మీది లేబుళ్లు, ఇంట్లో ఉన్న ఈఎస్ఐ కాగితాలు తెమ్మని పిల్లలకు చెప్పండి, ఆ నాలుగు ప్రశ్నలూ వాటి మీద వేయించండి.